డ్రిల్ టీచరుగారి మాత్రలు

తణుకులో నేను చదివిన ఆడపిల్లల హైస్కూల్లో మాకు ఆటలు నేర్పిన డ్రిల్ టీచరుగారంత బలమైన ఆడమనిషిని నేను అప్పటికి చూసి ఎరగను. పొడుగ్గా, వెడల్పాటి భుజాలతో ఉండేవారు. కొంగు నడుముకి బిగించి, మెడలో విజిల్ వేసుకుని గ్రౌండులోకి దిగితే మేమంతా నిటారుగా అయిపోయేవాళ్ళం. వానలు పడి గ్రౌండు గుంతలు పడినప్పుడు చదును చెయ్యడానికి ఒక ఇనప రోలరు ఉండేది. ఇద్దరు మగవాళ్ళు లాగాల్సిన రోలరు. ఒకసారి వాళ్ళు రాకపోతే ఆవిడే దాన్ని ఈ చివర్నించి ఆ చివరికి లాక్కుపోయారు. మేం వరండాలో నిలబడి చప్పట్లు కొట్టాం. "చప్పట్లెందుకే? వచ్చి పట్టండి" అన్నారు ఆవిడ రొప్పుతూనే.

నేను గాలేస్తే పడిపోయేలా ఉండేదాన్ని. ఎందుకో ఆవిడ నన్నే పిలిచి చేతిలో ఇనపగుండు పెట్టారు. "మెడకి ఆనించి పట్టుకో. చేత్తో విసరకు, కాళ్ళతో విసురు" అన్నారు. నా గుండు ఏనాడూ దూరం పోలేదు. కాని ఆ ఏడాది చివరికి నా జబ్బ మీద చిన్న కండ లేచింది. నాకది పెద్ద వింత. "ఇది ఎక్కణ్ణించి వచ్చిందండీ?" అని అడిగాను. "నాకేం తెలుసమ్మా, సైన్సు టీచరుగార్ని అడుగు" అని నవ్వేశారు. సైన్సు టీచరుగారు పుస్తకంలో ఉన్నంత చెప్పారు. నాకు చాల్లేదు. ఆ తర్వాత నా చదువంతా ఆ చాలకపోవడంలోంచే వచ్చిందేమో అనుకుంటాను.

తొంభైల మొదట్లో విశాఖపట్నంలో పరిశోధనకి చేరాను. ముసలితనంలో కండ ఎందుకు కరిగిపోతుందన్నది మా గైడుగారి విషయం. పని ఎలుకల మీద. ఎలుక ముసలిదవ్వాలంటే రెండేళ్ళు దాటాలి. అందాకా దానికి మేత పెట్టి, బోను కడిగి, జబ్బు చెయ్యకుండా చూసుకోవాలి. కరెంటు పోయి, ఎండలకి ఒక బోను ఎలుకలన్నీ చచ్చిపోతే మళ్ళీ మొదటినుంచీ మొదలు. ముసలి ఎలుకని పట్టుకుంటే చేతికే తెలిసేది, వెనకకాళ్ళ దగ్గర తోలు కింద ఏమీ ఉండదు. పరిశోధన పూర్తయ్యాక దాన్ని చంపి ఆ కాస్త కండా తీసి చూడాలి. మొదట్లో ఆ రోజుల్లో నాకు అన్నం సహించేది కాదు. తర్వాత అలవాటైంది.

ముసలి ఎలుకల కండరంలో, కండని లోపల్నించే కరిగించే ఒక ప్రొటీన్ బాగా ఎక్కువగా కనబడింది. దాన్ని అణిచే పదార్థాలు కొన్ని ఉన్నాయని గైడుగారికి అనుమానం. ఒక్కొక్కటీ మేతలో కలిపి పెట్టి చూస్తూ పోయాం. ఏళ్ళు గడిచాయి. ఏదీ పని చెయ్యలేదు.

ఒకనాడు పొద్దున్నే తలుపు తాళం తీస్తుంటే లోపల్నించి టకటకమని చప్పుడు. బోనులో ఎలుకలు పరిగెత్తడానికి ఇనప చక్రాలు ఉండేవి. ముసలి ఎలుకలు వాటి జోలికి పోయేవి కావు, మూల ముడుచుకు పడుకునేవి. ఆ పొద్దున ఒక ముసలి ఎలుక చక్రంలో పరిగెడుతోంది. పక్క బోనులో అదే పదార్థం తింటున్న ఇంకొకటి కూడా. నేను చెప్పులు వదిలేసి గైడుగారి గదికి పరిగెత్తాను.

"సార్, తిరుగుతున్నాయి సార్!"

"ఏంటమ్మా తిరుగుతున్నాయి?"

"చక్రాలు సార్!"

ఆయన కళ్ళజోడు తీసి, మళ్ళీ పెట్టుకుని నాతో వచ్చారు. చాలాసేపు ఆ బోను ముందు గొంతుక్కూర్చున్నారు. మా ఇంటినుంచి తెచ్చిన తాపేశ్వరం కాజాలు నా బల్ల మీద ఉంటే, చేతులైనా కడుక్కోకుండా ఒకటి తీసుకుని తిన్నారు. నా జీవితంలో నాకు తెలిసిన పెద్ద సంతోషం అదే. దాని తర్వాతదంతా దిగుడే.

మా వ్యాసం అచ్చయింది. పెద్ద పెద్ద లేబొరేటరీల వాళ్ళు అదే దారి పట్టి మాకన్నా వేగంగా పోయారు. మా పదార్థం లాంటిదాన్నే ఇంకాస్త మెరుగు చేసి ఒక మందుల కంపెనీ మాత్రగా తయారుచేసింది. ఈలోగా నాకు డిగ్రీ వచ్చింది, పెళ్ళయింది. మా ఆయన తణుకు చక్కెర ఫ్యాక్టరీలో కెమిస్టు. నేను మళ్ళీ మా ఊరికే వచ్చి జూనియర్ కాలేజీలో జువాలజీ చెప్పుకుంటూ ఉండిపోయాను. ఎలుకల సంగతి మెల్లగా మర్చిపోతున్నాను కూడా.

రెండు వేలు దాటిన కొన్నేళ్ళకి గైడుగారు ఫోన్ చేశారు. ఆ మాత్రని ముసలివాళ్ళ మీద పరీక్షిస్తున్నారట. రాజమండ్రిలో ఒక ప్రైవేటు ఆస్పత్రికి కూడా ఆ పని ఇచ్చారట. మనుషుల్ని చేర్చుకుని కొలతలు తీసే పనికి తెలిసినవాళ్ళు కావాలట. "మన ఎలుకల మందమ్మా, నువ్వుంటే బాగుంటుంది" అన్నారు. నేను కాలేజీకి సెలవు పెట్టి చేరిపోయాను. పొద్దున్నే పాసింజర్ ఎక్కితే నిడదవోలు మీదుగా గోదావరి వంతెన దాటి రాజమండ్రి. వంతెన మీద అందరూ నీళ్ళలోకి చూస్తుంటే నేను పెట్టెలో ఉన్న ముసలివాళ్ళని చూసేదాన్ని. సీటులోంచి లేవడానికి కిటికీ ఊచ పట్టుకున్నవాళ్ళు, మెట్టు దిగడానికి మనవడి భుజం వెతుక్కున్నవాళ్ళు. వీళ్ళందరికీ మా మాత్ర అందే రోజు వస్తుందనుకునేదాన్ని.

వాళ్ళకి ఫలానా జబ్బని ఏమీ ఉండదు. బీపీ మందో షుగరు మందో వాడుతూనే ఉంటారు, అదేం చంపదు. కాని బరువు తగ్గుతారు, నడక మందగిస్తుంది, చేతిలో పట్టు పోతుంది, ఏ చిన్న జ్వరమొచ్చినా మళ్ళీ మునుపటి మనిషి కాలేరు. దీన్ని డాక్టర్లు ఫ్రెయిల్టీ అంటారు. మనవాళ్ళు ముసలితనం అంటారు, ఊరుకుంటారు. మా పనల్లా అలాంటివాళ్ళ పిడికిలి బలం చూడ్డం, కాస్త దూరం నడిపించడం, చేతులు ఆనించకుండా కుర్చీలోంచి లేవమనడం. మరీ లేవలేనివాళ్ళని తీసుకోకూడదు. తీసుకున్నవాళ్ళలో సగం మందికి అసలు మాత్ర, సగం మందికి అచ్చం అలాగే ఉండే, మందు లేని ఉత్త మాత్ర. ఎవరికేది వెళ్తోందో వాళ్ళకీ తెలీదు, నాకూ తెలీదు, డాక్టరుగారికీ తెలీదు. అంతా అయ్యాక కంపెనీవాళ్ళే విప్పి చెబుతారు.

చేరిన కొన్నాళ్ళకి ఒకరోజు ఇద్దరు ఆడవాళ్ళు వచ్చారు. పెద్దావిడ చెయ్యి పట్టుకుని చిన్నావిడ నడిపిస్తోంది. పెద్దావిడ చేతి గడియారం మోచేతి దాకా జారిపోయి ఉంది. ఊరి పేరు తణుకని చెప్పారు. నేను వయసు అడిగాను, ఏం పని చేసేవారని అడిగాను. "పిల్లల్ని పరిగెత్తించేదాన్ని" అంది పెద్దావిడ. నేను తలెత్తాను. భుజాల ఎముకలు మాత్రం ఇంకా అంత వెడల్పూ ఉన్నాయి. మిగతా మనిషి లేదు.

"టీచరుగారా?" అన్నాను.

నన్ను కళ్ళు చికిలించుకుని చూశారు. "గుండు విసిరే పిల్లవి కదూ? ఏ రోజూ తెల్లగీత దాటించలేదు నువ్వు."

ఆవిడ పెళ్ళి చేసుకోలేదు. చెల్లెలు భర్త పోయాక అక్క దగ్గరికి వచ్చేసింది. ఇద్దరూ లూథరన్ చర్చికి దగ్గర్లో చిన్న డాబాలో ఉంటున్నారు. ఒకే ఊళ్ళో ఉండి ఇన్నేళ్ళూ నేను అటు వెళ్ళలేదు. రిటైరయ్యాక కూడా కొన్నేళ్ళు బాగానే ఉన్నారట. తర్వాత ఒక న్యుమోనియా వచ్చి తగ్గింది. ఊపిరితిత్తులు బాగయ్యాయి గాని ఒళ్ళు తిరిగి రాలేదు.

"ఎంత పెట్టినా ఒంటబట్టదమ్మాయ్" అంది చెల్లెలు. "గుడ్లు పెడతాను, పాలు పోస్తాను. ఎక్కడికి పోతుందో తెలీదు."

కుర్చీలోంచి లేవమన్నాను. టీచరుగారు చేతులు గుండెల మీద కట్టుకుని, పాదాలు సర్దుకుని, ముందుకి వంగారు. మొదటిసారి మళ్ళీ కూలబడ్డారు. "ఉండమ్మా, స్టార్టింగ్ తప్పింది" అన్నారు. రెండోసారి లేచారు. మోకాళ్ళు వణికాయి గాని నిలబడ్డారు. ఆవిడని తీసుకోవచ్చు. చెల్లెలు కళ్ళు మూసుకుని ప్రభువుకి స్తోత్రం చెప్పుకుంది. నేనూ దాదాపు అలాంటి పనే చేశాను, లోపల్లోపల.

మొదటి కొన్ని నెలలూ ఆవిడ మెరుగయ్యారు. నిజంగానే మెరుగయ్యారు. ఆవిడ వచ్చిన ప్రతిసారీ పిడికిలి బిగించే పరికరం మీద ముల్లు కొంచెం ముందుకి జరిగేది. చెల్లెలి చెయ్యి వదిలి నడిచి వచ్చేవారు. "ఇవాళ బిందె నేనే ఎత్తానే" అని గుమ్మంలోంచే చెప్పేవారు. పక్కన కూర్చున్న ముసలివాళ్ళ చేత కూడా కుర్చీల్లోనే మడమలెత్తించి దించేవారు. "అలా కాదండీ, వీపు నిటారుగా పెట్టండి" అని వాళ్ళ మీద కేకలు. చాలా ఏళ్ళ తర్వాత ఆ గొంతు మళ్ళీ విన్నాను. గైడుగారికి ఫోన్ చేసి చెప్పాను.

"ఆవిడకి అసలు మాత్ర వెళ్తోందని నీకెలా తెలుసు?" అన్నారాయన.

"తెలీదు సార్. కాని మీరు చూడాలి ఆవిడని."

"ఒక్క మనిషిని చూసి ఆశ పడకూడదమ్మా. ఎలుకల దగ్గర నేర్చుకున్నాం కదా."

నేను ఆశ పడ్డాను. రైల్లో ఇంటికొస్తూ, ఆవిడకిది పని చేసిందని తేలాక మా కాలేజీ పిల్లలకి ఎలా చెప్పాలో మాటలు కూర్చుకునేదాన్ని. ఆ మెరుగుదలలో చెల్లెలు పెట్టిన గుడ్లెన్ని, వారంవారం బయటికొచ్చి నలుగురి మధ్య కూర్చోవడం ఎంత, ఆవిడ పంతం ఎంత అన్న ఆలోచన నాకు చాలా ఆలస్యంగా వచ్చింది.

తర్వాతి వానల్లో ఊరంతా ఒళ్ళునొప్పుల జ్వరాలు. టీచరుగారికీ వచ్చింది. జ్వరం తగ్గిపోయింది. కాని మంచం మీద ఉన్న ఆ కొద్దిరోజుల్లో, నెలల తరబడి కూడబెట్టుకున్నదంతా పోయింది. మళ్ళీ చెల్లెలి చెయ్యి పట్టుకుని వచ్చారు. ముల్లు మొదటిరోజు చూపించిన చోటికంటే వెనకే ఆగింది. ఆవిడ పరికరాన్ని తిప్పి చూసి, "ఇది పాడైందేమో చూడమ్మా" అన్నారు. నేను నా చేత్తో బిగించి చూపించాల్సి వచ్చింది. పరికరం బాగానే ఉంది.

అయినా మాత్ర మానలేదు. పొద్దున్న ప్రార్థన కాగానే మాత్రే. అదొక్కటే గుర్తుపెట్టుకుని అడిగి వేయించుకునేదని చెల్లెలు చెప్పింది.

క్రిస్మస్ ముందు పెరట్లో కొళాయి దగ్గర పడిపోయారు. తుంటి ఎముక విరిగింది. రాజమండ్రిలోనే ఆపరేషన్ చేశారు. ఎముక అతికింది. నియమం ప్రకారం ఆవిడని పరీక్షల్లోంచి తీసేశారు, ఇక మాత్రలు ఇవ్వరు. నేను డాక్టరుగారి గదికి వెళ్ళాను.

"సార్, ఇప్పుడే కదండీ ఆవిడకి మాత్ర కావాల్సింది."

"అవునండి, నిజమే. కాని మనం చూస్తున్నది లేచి తిరిగేవాళ్ళని. పడిపోయినవాళ్ళ మీద ఇది ఏం చేస్తుందో ఎవరికీ తెలీదు. తెలీకుండా ఎలా ఇస్తామండి?"

"మిగిలిన మాత్రలున్నాయి కదండీ."

"అవి నావీ కావు, మీవీ కావు. వెనక్కి పంపాలి" అన్నారు. ఆయన చెడ్డమనిషి కాదు. అదే వారంలో ఫీజు తీసుకోకుండా రెండుసార్లు ఆవిడని చూసొచ్చారు. ఆయన చేతిలో కూడా ఏమీ లేదు, అంతే.

ఆదివారాలు నేను వాళ్ళింటికి వెళ్ళేదాన్ని. చెల్లెలు చర్చికి వెళ్ళొచ్చేదాకా టీచరుగారి దగ్గర కూర్చునేదాన్ని. మంచం మీద కూర్చోబెట్టి దిళ్ళు పెడితే కాసేపు ఉండేవారు. గ్లాసు పట్టుకోలేక చెంచాతో తాగేవారు. నేను కాళ్ళు మడిచి చాపించేదాన్ని, ఆస్పత్రిలో చెప్పినట్టు. ఆ కాలు నా రెండు చేతుల్లో పడుకునేది. తోలు కింద ఏమీ లేదు. ఆ స్పర్శ నాకు బాగా తెలుసు, అందుకే ఆవిడ మొహంలోకి చూడకుండా కిటికీలోంచి చూసేదాన్ని. ఆవిడ మాత్రం పట్టుబట్టి, "మళ్ళీ చెయ్యి, ఇంకొక్కసారి" అనేవారు.

ఆ వేసవిలో పరీక్షలు ముగిశాయి. మరుసటి ఏడు మొదట్లో డాక్టరుగారు మమ్మల్ని పిలిచి కూర్చోబెట్టి చెప్పారు. మాత్ర వేసుకున్నవాళ్ళకీ ఉత్త మాత్ర వేసుకున్నవాళ్ళకీ తేడా ఏమీ లేదు. అన్ని ఊళ్ళల్లోనూ అంతే. కండ రవ్వంత పెరిగినట్టు స్కానింగులో కనిపించినవాళ్ళు కూడా నడవడంలో, లేవడంలో అక్కడే ఉన్నారు. కంపెనీ ఆ మందుని వదిలేసింది. ఎవరికేది ఇచ్చారో అప్పుడు విప్పి చెప్పారు.

గైడుగారికి ఫోన్ చేశాను. అప్పటికి రిటైరై ఇంట్లో ఉంటున్నారు. ఫలితం చెప్పాను. "ఎలుక బోనులో పడిపోదమ్మా" అన్నారు. "దానికి మెట్లుండవు, జ్వరాలుండవు. వేళకి మేత వస్తుంది. మనం ముసలితనాన్ని చూశామనుకున్నాం, ముసలి కండరాన్ని చూశాం." తర్వాత ఆరోగ్యం ఎలా ఉందని నన్ను అడిగి పెట్టేశారు. మేం ఆ విషయం మళ్ళీ మాట్లాడుకోలేదు.

ఆ ఆదివారం టీచరుగారింటికి వెళ్ళాలంటే కాళ్ళు రాలేదు. వెళ్ళాను. చెల్లెలు గుమ్మంలోనే ఉంది, చేతిలో బైబిలు పట్టుకుని చర్చికి బయల్దేరుతోంది. లోపల్నించి టీచరుగారి గొంతు, "వచ్చిందా? ఏమన్నారట?"

మంచం పక్కన కూర్చుని, పరీక్షలైపోయాయని, మందు పని చెయ్యలేదని చెప్పాను. ఆవిడ తల ఊపారు. ఆ మాట ఆవిడకి పెద్దగా తగిలినట్టు లేదు.

"నాకిచ్చినవి ఏవమ్మా? అసలువా, ఉత్తవా?"

అబద్ధం చెప్పాలని అనిపించింది. కాని ఏ అబద్ధం చెబితే ఆవిడకి ఊరటో నాకు తెలీలేదు. "అసలువేనండి" అన్నాను. అసలు మందే అందిందని కాస్త తృప్తి పడతారేమోనని కూడా అనుకున్నాను.

ఆవిడ మొహం మెల్లగా మారిపోయింది. గుమ్మం దగ్గర చెల్లెలు కదలకుండా నిలబడింది.

"ఉత్తవైతే బాగుండునమ్మా" అన్నారు టీచరుగారు. "ఇన్నాళ్ళూ ఉత్తవే అనుకుంటూ పడుకున్నాను. అసలుది ఇంకా ఉంది కదా, ఎప్పుడో ఒకప్పుడు ఇస్తారు కదా అని."

కాళ్ళు మడవడానికి లేచి దుప్పటి తీశాను. "వద్దులే ఇవాళ" అన్నారు. ఆ తర్వాత ఇంకెప్పుడూ చేయించుకోలేదు. నేను అడిగినా వద్దనేవారు. కోపంతో కాదు. అలిసిపోయినవాళ్ళు అన్నం వద్దన్నట్టు అనేవారు.

ఆ ఏడు వానలు మొదలయ్యాక దగ్గుతో మొదలై ఊపిరి అందక పోయారు. దగ్గి కఫం బయటికి తెచ్చుకోవడానికి కూడా కండ కావాలి. ఆ సంగతి నేను పుస్తకాల్లో చదివాను, వ్యాసాల్లో రాశాను. ఆవిడ మంచం పక్కన కూర్చుని విన్నాను. చర్చి అయ్యగారు వచ్చి ప్రార్థన చేశారు. ఆవిడ దగ్గర చదువుకున్నవాళ్ళం కొద్దిమందిమి సమాధి దాకా వెళ్ళాం. మట్టి తడిసి ముద్దగా ఉంది, జారిపోతామని ఒకళ్ళ చెయ్యి ఒకళ్ళం పట్టుకున్నాం.

నేను కాలేజీకి తిరిగి వెళ్ళిపోయాను. కండరాల పాఠం వచ్చినప్పుడు పుస్తకంలో ఉన్నంత చెబుతాను. ఒక్కోసారి ఏ పిల్లో ఇంకాస్త అడుగుతుంది. తెలిసినంత చెబుతాను, మందు సంగతి ఎత్తను.

రెండు మూడేళ్ళు పోయాక ఒక సాయంత్రం టీచరుగారి చెల్లెల్ని చూడ్డానికి వెళ్ళాను. ఒక్కతే ఉంటోంది. వాకిట్లో చాప మీద కూర్చుని బియ్యంలో రాళ్ళు ఏరుతోంది. టీ పెడతానంటూ లేవబోయింది. ఒక చెయ్యి నేల మీద ఆనించి, రెండో చేత్తో తలుపు రెక్క పట్టుకుని, ఊపు కోసం ఆగింది. మళ్ళీ ప్రయత్నించి లేచింది.

"ఎన్నాళ్ళయిందండీ పిన్నిగారూ ఇలాగ?" అన్నాను.

"ఏం లేదమ్మాయ్, తిమ్మిరెక్కింది." చీర కుచ్చిళ్ళు సర్దుకుంది. లోపలికి రెండడుగులు వేసి, తలుపు పట్టుకునే వెనక్కి తిరిగింది. "ఇప్పుడేమైనా కొత్త మందు వచ్చిందా?"

"లేదండి" అన్నాను.

సరేనన్నట్టు తలూపి, గోడ పట్టుకుంటూ వంటింట్లోకి వెళ్ళింది. నేను చాప మీది బియ్యం చేట దగ్గరికి లాక్కుని రాళ్ళు ఏరడం మొదలుపెట్టాను.